బ్రేకునకు సేవకుడు

లింగాల తోటలలో అరటిగెలలు నింపుకొనిన వ్యాను ఒకటి గువ్వలచెరువు కనుమ దిగుచున్నదనుకొందము. వెనుక బరువు త్రోయుచుండును, ముందు మలుపులు. అట్టి వేళ చోదకునకు బ్రేకే ఆధారము. కాని మనుష్యుని కాలి బలమెంత? ఆ బలమును పెక్కు రెట్లు చేయు సాధనమునకు 'సర్వో' అని పేరు. లాటిను భాషలో సేవకుడని అర్థమిచ్చు పదమునుండి ఇది పుట్టినది.

తొలినాటి కార్లకు ఈ సేవకుడు లేడు. హైదరాబాదు నిజాము కొఱకు తయారైన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారునకు ముందు చక్రముల బ్రేకులే లేవు. బ్రేకు వేసినపుడు బండి బరువు ముందునకు మొగ్గును. కావున ముందు చక్రములను గూడ పట్టి యాపుట మేలు. అయితే నాలుగు చక్రములను బిగించుటకు ఎక్కువ బలము కావలెను. మీటను పొడవు చేసినచో బలము పెరుగును గాని, పెడలును అంత ఎక్కువ దూరము త్రొక్కవలసి వచ్చును. కాలు చాచగలిగిన దూరమునకు హద్దు కలదు గదా!

ఈ చిక్కునకు మార్క్ బిర్కిట్ అను స్విట్జర్లాండు శిల్పి ఒక ఉపాయము కనుగొనెను. 1919లో ఆయన నిర్మించిన హిస్పానో సుయిజా కారులో, పరుగెత్తు బండి వేగమే బ్రేకులను బిగించుటకు తోడ్పడెను. పెడలు త్రొక్కగనే గేరుపెట్టెచే తిరుగు బిళ్ళ యొకటి ఒరసికొని బ్రేకు కడ్డీలను లాగును. 1924లో రోల్స్ రాయిస్ వారును ఈ పద్ధతి నవలంబించిరి. ఇంజను ఆగినను, చక్రములు తిరుగుచున్నంతవరకు సాయ మందును. ఇది దీని సుగుణము. కాని బండి మెల్లగా పోవునపుడు బిళ్ళయు మెల్లగా తిరుగుటచే సాయము కొంత ఆలస్యమగును. బండి నిలిచియున్నచో అసలే యుండదు. అందుచే వెనుక బ్రేకులకు పెడలుతో సూటి సంబంధమును గూడ ఉంచిరి.

బెల్జియము దేశీయుడైన ఆల్బర్ట్ దెవాంద్రే వేఱొక త్రోవ త్రొక్కెను. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకొనునపుడు దాని గొట్టములో గాలి పలుచబడును. ఆ లోటును ఆయన పనికి వినియోగించెను. జర్మనీలోని బాష్ సంస్థ 1927 నుండి ఈ సాధనమును తయారుచేసెను. 20 సెంటీమీటర్ల వ్యాసముగల పళ్ళెము వైశాల్యము సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. దాని రెండు వైపుల నడుమ పీడనభేదము చదరపు సెంటీమీటరునకు అర కిలో యైనను, సుమారు 157 కిలోల బలము లభించును! బండి నెమ్మదిగా నడచినను ఈ సాయము వెంటనే అందును. కాని ఇంజను ఆగినచో, మిగిలియున్న నిలువ కొన్ని త్రొక్కులతోనే తరిగిపోవును.

నేటికిని పెక్కు కార్లలో ఈ రెండవ పద్ధతియే వాడుకలో నున్నది. కనుక నూనె ఆదాయేనని కనుమలో ఇంజను ఆపి దిగువాడు, తెలియకయే తన సేవకుని చేతులు కట్టివేయుచున్నాడు. ఏ సాధనమును నమ్ముకొన్నను, దాని బలమెచ్చటినుండి వచ్చుచున్నదో ఎఱిగియుండవలెను.