గుండెా, ఊపిరా?

సినిమాల్లో ఆపరేషన్ గది ఎర్రదీపం ఆరగానే సర్జను బయటికి వచ్చి, భయం లేదంటాడు. మత్తు ఇచ్చిన డాక్టరు తెరమీద కనిపించడు! ఆ డాక్టర్లు కొన్ని వైద్య కళాశాలల్లో ఏటా పరిశోధన దినం జరుపుకుంటారు. విద్యార్థి పత్రం చదువుతాడు, పెద్దలు లోటుపాట్లు వెతుకుతారు.

అలాంటి తగవే ఒకటి మన హైదరాబాదులో ప్రపంచాన్ని కదిపింది. అప్పట్లో క్లోరోఫారం ఇస్తే కొందరు బల్లమీదే ప్రాణం విడిచేవారు. ముందు ఆగేది గుండెా, ఊపిరా? ఊపిరేనని రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ పట్టు. నాడి చూడనక్కర్లేదు, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునట! 1888లో ప్రయోగాలు చేయించాడు. లండను 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. కుక్కలమీద, కోతులమీద వందలకొద్దీ ప్రయోగాలు జరిగాయి (పాపం, నోరులేని జీవాలు!). గుండెదే తప్పని నమ్మి వచ్చిన బ్రంటన్ చివరికి లారీ పక్షం చేరాడు.

కాని 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లులమీద రుజువు చేశాడు: మత్తు పలచగా ఉన్నప్పుడే క్లోరోఫారం గుండెను హఠాత్తుగా ఆపగలదు. ఇవాళ మత్తు డాక్టరు నాడినీ, ఊపిరినీ రెంటినీ కనిపెట్టే ఉంటాడు.

ఆ లారీ శిష్యురాలే రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనంటారు. ఫిల్మ్‌నగర్ కథకులు వింటున్నారా?