మిగులు మల్లె తైలానికి పనికివచ్చేనా?
విజయవాడ: మైలవరం వైపునుంచి వేసవిలో మల్లె రాబడి పెరిగితే ధర మెత్తబడడం పూల వర్తకులకు తెలిసిందే. మిగులు సరుకును సుగంధ తైలానికి మళ్లించాలనుకునేవారు ఒక చిక్కు గమనించాలి. దండలకు మొగ్గ కావాలి. తైలానికి అప్పుడే విచ్చిన పువ్వు కావాలి. రాత్రి అమ్ముడుపోక వాడిన సరుకు రెంటికీ చెడుతుంది. కనుక తైలం పాలు పగలే వేరుచేయాలి. ఆవిరి పట్టిస్తే పరిమళం దెబ్బతింటుంది గనుక హెక్సేన్‌తో మైనంవంటి ‘కాంక్రీట్’ తీస్తారు. టన్ను జాజికి ఇది సుమారు 3 కిలోలు దిగితే, మల్లెకు 2 కిలోలు దిగడమే కష్టం.

మందు గిరాకీపై ఆశ పెట్టుకోనక్కరలేదు. బాలింతల పాలు ఇంకడానికి రొమ్ముపై మల్లెలు కట్టడం ఫలిస్తుందని 1988లో వేలూరు వైద్యులు ప్రచురించారు. అందుకు మూరల లెక్కన పూలు చాలు. పుండ్లకు రాసే జాత్యాది తైలంలో పడేది జాజి ఆకు.