స్వల్పవ్యయముతో సహాధ్యాయుల సమ్మేళనము



నేటి నా ప్రసంగవిషయము చిన్నది. ఒక ఉన్నత పాఠశాలలో ఒకే తరగతియందు చదివినవారు నలువదియేండ్లకో, యేబదియేండ్లకో ఒకదినము కూడుకొనదలచినచో, ఆ కూటమిని ఆడంబరము లేకుండ, ఎవ్వరికిని భారము కాకుండ నెట్లు జరుపవచ్చునో చెప్పెదను. మన బద్వేలు ప్రాంతమునే దృష్టాంతముగా గైకొనెదను.

1959లో పంచాయతీరాజ్ విధానము వచ్చిన పిమ్మట మన పల్లెపట్టుల ఉన్నత పాఠశాలలు పెక్కు జిల్లా పరిషత్తుల పాలనలోనికి వచ్చినవి. చుట్టుపట్ల గ్రామముల పిల్లలు కాలినడకను, సైకిళ్లమీదను వచ్చి వానిలో చదివిరి. 1969లో ఇంటర్మీడియట్ చదువు వేరుగా నేర్పడినది; నాటినుండి పదవ తరగతియే సహాధ్యాయులు విడిపోవు కూడలి యైనది. ఆ కూడలినుండి కొందరు సేద్యమునకు మరలిరి, కొందరు ఉద్యోగములకు పోయిరి, కొందరు కువైట్ దేశమునకు కూలికై పోయిరి, ఆడపిల్లలు అత్తవారిండ్లకు వెడలిరి. వీరందరు మరల నొకచోట కూర్చుండి మాటలాడుకొనుట మంచి కోరిక. కాని ఆ కోరిక తీరు విధానమును గూర్చి ఆలోచింపవలసియున్నది.

ఇటీవల ఇట్టి కూటములు పెండ్లివలె జరుగుచున్నవి. కల్యాణమండపము, మైకులు, నిలువెత్తు ఫ్లెక్సీలు, అందరికి ఒకే రంగు చొక్కాలు, శాలువలు, జ్ఞాపికలు, వీడియో. ఇదంతయు చందాపైనే నడువవలయును. ఒక సమ్మేళనమునకు మనిషికి రెండువేల రూపాయలు చందా నిర్ణయించిరి. నాతోగూడ ఒకే బల్లపై గూర్చుండి చదివిన యొకడు, ఇప్పుడు గొఱ్ఱెలు మేపుకొనువాడు, “ఆ దినము నాకు పని కలదు” అని కబురు పంపెను. కొన్ని నెలల పిమ్మట సంతలో కనబడినప్పుడు, “పని యేమియు లేదురా; రెండువేలు లేవు. ఇచ్చుకోలేనని అందరిలో చెప్పుకొనుటకు నోరాడలేదు” అనెను. ఆ సభలో మంటపమునిండ పూలున్నవి, అతడు లేడు.

అమెరికా దేశమునందును పది, ఇరువదియైదు, ఏబది యేండ్లకొకసారి ఇట్టి కూటములు జరుపుకొను వాడుక కలదు. అచ్చటను హోటలు విందులకు టిక్కెట్లు పెట్టుటయు, బడులలోను, ఉద్యానవనములలోను ఎవరి భోజనము వారు తెచ్చుకొని కూడుకొనుటయు, రెండు రీతులును కలవు. ఖర్చు పెరిగినకొలది ద్వారము ఇరుకగుట ఏ దేశమునందైనను ఒకటే. కావున పొదుపనగా ఇచ్చట పిసినిగొట్టుతనము కాదు. తరగతిలో అందరికంటె పేదవాడు తలవంచుకొనక వచ్చి కూర్చుండుటకు తెరచియుంచిన తలుపది.

మన పోరుమామిళ్ల చెరువు మీరెల్లరు నెఱిగినదే. 1369 నాటి దాని శాసనమున మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, చెరువునకు వచ్చు ఆరు దోషములును చెప్పబడియున్నవి. నీరు కొంచెమై పారుదల భూమి మిక్కుటముగా నుండుట ఆ దోషములలో నొకటి. సమ్మేళనమునకును ఇదే దోషము పట్టును. ఉన్న నీటికి తగిన ఆయకట్టు పెట్టుకొన్నచో పైరు నిలుచును.

ఇక పనులు ఒక్కొక్కటి చెప్పెదను.

మొదటిది దినము. ఎండకాలమున కడపసీమలో ఎండ నలువది డిగ్రీలు దాటును. ముదుసలులకు అది తగదు. సంక్రాంతి సెలవులు మేలు. ఎండ తీవ్రత యుండదు, దూరమున నున్నవారు పండుగకు ఎట్లును ఊరు చేరుదురు, వేరుగా ప్రయాణపు ఖర్చు లేదు. కనుమ మరునాడు పెట్టుకొనుట యుక్తము. ప్రొద్దున పదిగంటలకు మొదలిడి సాయంకాలము నాలుగింటికి ముగింపవలయును. చీకటి పడకమునుపే పల్లెల బస్సులు అందవలయును గదా.

రెండవది స్థలము. చదివిన బడికంటె తగిన చోటు లేదు. ప్రధానోపాధ్యాయులకు ముందుగా విన్నపము వ్రాసి అనుమతి పొందవలయును. సెలవుదినమగుటచే పిల్లల చదువునకు ఆటంకముండదు. బడి ఆవరణలో చెట్టునీడ యున్నచో పందిరి ఖర్చును తప్పును. మనము పోయిన పిదప ఆవరణము వచ్చినప్పటికంటె శుభ్రముగా నుండవలయును.

మూడవది సహాధ్యాయులను వెదకుట. వాట్సాప్‌లో గుంపు పెట్టినంతమాత్రమున అందరికి తెలియదు. అట్టి ఫోను లేనివారే మనకు ముఖ్యులు. బడిలోని అడ్మిషన్ రిజిస్టరునుండి, ప్రధానోపాధ్యాయుల సమ్మతితో, పేర్లు వ్రాసికొనవలయును. పిమ్మట ఊళ్లు పంచుకొనవలయును: అట్లూరు వైపు ఒకరు, గోపవరమునకు ఒకరు, కలసపాడు వైపు ఒకరు. ఇంటికి పోయి పిలుచుటయే పిలుపు. ఆడవారి పేర్లు రిజిస్టరులో పుట్టింటి పేరుతో నుండును గనుక వారి అన్నదమ్ములద్వారా ఆచూకి తెలిసికొని, ఇంటివారినిగూడ కలిపి పిలువవలయును. ఒంటరిగా రాలేనివారు కోడలినో మనుమనినో వెంటబెట్టుకొని రావచ్చునని చెప్పవలయును. మరియొక మాట. సభలో పసుపుకుంకుమలు పంచు ఏర్పాటు వలదు. భర్తను గోల్పోయిన సోదరి ఆ చోట మనసు నొచ్చుకొనును. అందరికి ఒక పువ్వో, ఒక పండో ఇచ్చిన చాలును.

నాలుగవది భోజనము. ఈ ప్రాంతమున అవధూత కాశినాయన పేర వెలసిన ఆశ్రమములలో సాదా భోజనము అందరికి ఒక్కతీరున పెట్టుట మనమెఱిగినదే. అదే మనకు మాదిరి. అఱువదిమందికి లెక్క వేసి చూపెదను. బియ్యము 10 కిలోలు, రూ. 600. కందిపప్పు 3 కిలోలు, రూ. 450. కూరగాయలు రూ. 500. పెరుగు 8 లీటర్లు, రూ. 560. నూనె, కారము, చింతపండు మొదలగునవి రూ. 500. విస్తరాకులు రూ. 300. వంటమనిషి కూలి రూ. 1,500. వంటచెరకు రూ. 400. త్రాగునీరు రూ. 300. మొత్తము రూ. 5,110, అనగా తలకు ఎనుబదియైదు రూపాయలు. ధరలు ఏటేట, ఊరూర మారును. ఇది మచ్చుకు మాత్రమే. కొంత బియ్యము తగ్గించి రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టినచో చిన్ననాటి రుచియు దొరకును. అందరు ఒకే వరుసలో కూర్చుండి తినవలయును. అధికారికొక బల్ల, కూలివానికొక చాప అనరాదు.

ఐదవది ధనము. చందా నిర్ణయింపరాదు. ద్వారముకడ తెరచాటున నొక హుండీ నుంచవలయును. తిరుమల హుండీలో ఎవరెంత వేసిరో ఎవ్వరికి తెలియనట్లే, ఇచ్చటను తెలియరాదు. నూరువేసినవాడును, వేయివేసినవాడును, వట్టిచేయి పెట్టి తీసినవాడును ఒక్కతీరుగానే బయటికి వచ్చును. తక్కువ పడినచో భరింతుమని నలుగురైదుగురు ముందే తమలో తాము ఒప్పుకొనియుండవలయును. ఆ మాట సభలో చెప్పరాదు. సాయంకాలము మొత్తపు జమాఖర్చు మాత్రము చదివి వినిపింపవలయును. మిగిలినదానితో బడికి ఒక కొళాయి బాగుచేయించుటయో, కొన్ని పుస్తకములు కొనుటయో చేయవచ్చును.

ఆరవది కార్యక్రమము. ముఖ్య అతిథులు వలదు, రాజకీయ ప్రసంగములు వలదు, మద్యము మాట యెత్తనే వలదు. జీవించియున్న ఉపాధ్యాయుడొకరు వచ్చి పూర్వమువలె హాజరు పిలిచిన చాలును. పేరు వినినవారు లేచి, తమ ఊరు, తమ సంసారము, తమ సుఖదుఃఖములు రెండు మూడు నిమిషములు చెప్పవలయును. హోదాలు ముందుగా ప్రకటింపరాదు. మరణించినవారి పేర్లనుగూడ ఆ వరుసలోనే చదివి, ఒక్క నిమిషము మౌనముగా నుండవలయును. కువైట్‌లో నున్నవారి గొంతు ఫోనులో కొంతసేపు వినిపింపవచ్చును. కదలలేని గురువులయొద్దకు శాలువ పట్టుకొని ఊరేగింపుగా పోవుటకంటె, ముందుదినమున ఇద్దరు ముగ్గురు పోయి ఒక గంట కూర్చుండి వచ్చుట ఆయనకు ఎక్కువ సంతోషము.

ఈ ఏర్పాటునకు నెలదినముల వ్యవధియు, నలుగురైదుగురు ఓపిక గలవారును చాలును. ధనము కొఱకు తిరుగవలసిన కాళ్లు మనుష్యుల కొఱకు తిరుగును. సభ బాగుగా జరిగినదా లేదా అని తెలిసికొనదలచినచో, వచ్చినవారిని లెక్కించుటతో సరిపుచ్చక, రిజిస్టరు ముందుంచుకొని రానివారి పేర్లు చూడుడు. వారిలో ఒక్కడైనను డబ్బులేక రానివాడు లేనిచో మీ సమ్మేళనము చక్కగా జరిగినట్లే. అట్టివాడొకడున్నచో, ఆ వారముననే వాని యింటికి ఇద్దరు పోయి పలుకరించి రండు.