రెండు చుట్లు తిరిగే పడవ

పడవ పందెం అనే మాట చంద్రశేఖరపురం పరిసరాల పాఠకునికి దూరసీమల మాటగా వినిపించడం సహజం. వెలిగొండల నీడన మెట్టపొలాలు, వానకు నిండి వేసవికి ఎండే చెరువులు ఉన్న పశ్చిమ ప్రకాశంలో పందెం అనగానే మనసులో మెదిలేది తిరునాళ్లలో ఒంగోలు ఎడ్లు లాగే బండ. నిర్ణీత సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు లెక్కించే ఆ పోటీకి, నీటి మీద సాగే ఔత్సాహిక పడవ పందేలకు పైకి ఏ పోలికా కనిపించదు. అయినా రెండింటి పునాది ఒకటే: పాల్గొనేవారికి అది బతుకుతెరువు కాదు, పైగా చేతి డబ్బు ఖర్చు, గెలిచినా ఓడినా తెల్లవారి అదే మనుషుల మధ్య తిరగాలి. జీతానికి కాక ఇష్టానికి ఆడే ఇటువంటివారినే ఔత్సాహికులు అంటారు. ఇంగ్లీషు వాడుకలోని అమెచ్యూర్ అనే మాటకు లాటిన్ మూలంలో ఉన్న అర్థం కూడా ప్రేమించేవాడనే.

తేడా ఉన్నది తీర్పు దగ్గర. బండలాగుడు బరిలో కొలత టేపు, గడియారం, చుట్టూ వేల కళ్లు ఉంటాయి. విశాలమైన నీటి మీద పదులకొద్దీ తెరచాపలు ఒకదానినొకటి దాటుకుంటూ పోయేటప్పుడు ఎవరి పడవ ఎవరికి తగిలిందో ఒడ్డున ఉన్నవారికి తెలిసే అవకాశం తక్కువ. అందువల్లనే తెరచాప పందేల నియమావళి, అంటే ప్రపంచ సెయిలింగ్ సమాఖ్య నాలుగేళ్లకొకసారి సవరించి వెలువరించే నిబంధనల గ్రంథం, తీర్పులో మొదటి భాగాన్ని తప్పు చేసినవాడి చేతికే అప్పగించింది.

దీనిని అర్థం చేసుకోవాలంటే పందెం నడిచే తీరు కొంత తెలియాలి. తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా సాగలేదు. కొంతదూరం ఒక పక్కకు, కొంతదూరం మరో పక్కకు ఏటవాలుగా మలుపులు తిరుగుతూ పైకి ఎగబాకాలి. కనుక ఎదురుబొదురుగా వచ్చే పడవల దారులు మాటిమాటికీ ఒకదానినొకటి కోసుకుంటాయి. అటువంటిచోట గాలి కుడివైపు నుంచి తగిలే పడవకు దారి హక్కు ఉంటుంది, ఎడమవైపు నుంచి తగిలే పడవ తప్పుకోవాలి. తప్పుకోక అడ్డుపడిన పడవ తన తప్పు తెలిసిన వెంటనే మిగతావాటికి దూరంగా జరిగి, ఉన్నచోటే రెండు పూర్తి చుట్లు తిరిగి, ఆ తరువాతనే పందెం కొనసాగించాలి. మార్గాన్ని సూచించే తేలుడు గుర్తును తాకితే ఒక చుట్టు. ఈ శిక్ష వేయడానికి ఈల ఊదేవారు ఉండనక్కరలేదు. ఎవరూ చూడకపోయినా తిరగాలి. ఆ రెండు చుట్లలో నాలుగైదు పడవలు ముందుకు వెళ్లిపోతాయి. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండవదానికి రెండు చొప్పున కలిపి, మొత్తం తక్కువగా ఉన్నవారిని విజేతగా ప్రకటించే ఈ ఆటలో ఆ నాలుగైదు స్థానాలు ఎంత బరువైనవో వేరే చెప్పనక్కరలేదు.

అదే గ్రంథంలో మొట్టమొదటి నియమం గెలుపును గురించినది కాదు, ప్రమాదంలో ఉన్న మనిషికి చేతనైనంత సాయం చేసి తీరాలన్నది. 1988 సెప్టెంబరు 24న, సియోల్ ఒలింపిక్స్‌లో భాగంగా పూసాన్ తీరాన జరిగిన పందెంలో కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ, ఒక్క మనిషే నడిపే ఫిన్ తరగతి పడవలో రెండవ స్థానాన ఉండగా, వేరే తరగతిలో పోటీపడుతున్న ఇద్దరు సింగపూర్ నావికులు పడవ బోల్తాపడి నీటిలో ఉండడం చూసి దారి మళ్లించాడు. వారిని తన పడవలోకి లాగి, గస్తీ నౌకకు అప్పగించేదాకా ఆగి, మళ్లీ పందెంలో కలిసి 22వ స్థానంలో ముగించాడు. సాయం చేసినందువల్ల నష్టపోయినవారికి పరిహారం ఇవ్వవచ్చునని నియమాల్లో ఉన్నందున, న్యాయమండలి ఆ పందెంలో అతనికి రెండవ స్థానమే ఖాయం చేసింది. చివరికి పతకం రాలేదు. ఒలింపిక్ సంఘం పియర్ ద కూబర్తాన్ పేరిట ఉన్న క్రీడాస్ఫూర్తి పురస్కారాన్ని ఇచ్చింది. లోకం దీనిని ఒక మహనీయుని త్యాగంగా చెప్పుకుంటుంది గాని, ఇందులో అంతకన్నా విలువైన సంగతి మరొకటి ఉంది. కరుణను మనిషి మంచితనానికే వదిలివేయక ముందుగానే నియమంగా రాసుకున్న ఆట అది. సాయపడినవాడు నష్టపోకూడదని కూడా ఆ ఆటే చూసుకుంది.

అయితే ఇంత ఉదాత్తమైన సంప్రదాయం మనుషులందరినీ సమానంగా పడవ ఎక్కనిచ్చిందనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో థేమ్స్ నది మీద 1839 నుంచి జరుగుతున్న హెన్లీ తెడ్డు పందేల నిర్వాహకులు 1879లో ఔత్సాహికుడంటే ఎవరో నిర్వచిస్తూ, చేతిపనివారిని, కూలీలను ఆ పరిధిలోంచి తొలగించారు. ఒళ్లు వంచి పనిచేసేవాడికి కండబలం సహజంగా సమకూరుతుంది కనుక అతనితో పోటీ సమం కాదన్నది చెప్పిన కారణం. దాని వెనుక ఉన్నది వర్గభేదమే. 1920లో ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ కెల్లీకి హెన్లీలో ప్రవేశం నిరాకరించారు. అతడు తాపీపని చేసినవాడు. కొద్దివారాలకే అతడు ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. చేతిపనివారి మీద నిషేధాన్ని హెన్లీ 1937లో తొలగించగా, కెల్లీ కుమారుడు అదే నది మీద, తండ్రికి దక్కని అదే పందెంలో 1947లో విజేతగా నిలిచాడు. ఇష్టంతో ఆడేవాడన్న అందమైన మాటను తీరికా ఆస్తీ ఉన్నవాడన్న అర్థానికి కుదించిన ఆ అరవై ఏళ్ల చరిత్ర గుర్తు లేనిదే పడవ పందేలలోని సమష్టి స్ఫూర్తిని గురించి మాట్లాడడం న్యాయం కాదు.

ఈ వెలుగులో చూస్తే హైదరాబాదు హుస్సేన్‌సాగర్ మీద జరుగుతున్న ప్రయత్నం విలువ తెలుస్తుంది. కుతుబ్‌షాహీల కాలపు ఆ చెరువులో తెరచాప క్రీడను చాలాకాలం నిలబెట్టినవి సికింద్రాబాదులోని సైనిక సెయిలింగ్ సంఘాలు. ఏటా వానాకాలపు గాలులు వీచే రోజుల్లో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు దేశం నలుమూలల నుంచి నావికులు వస్తారు. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీల పిల్లలకు, సర్కారు బడుల విద్యార్థులకు పడవ నడపడం నేర్పడం మొదలుపెట్టింది. ఈ క్రీడలో పైకి వచ్చిన ప్రీతి కొంగర చైనాలో 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో దేశం తరఫున పాల్గొన్నది. యాట్ అంటే ధనికుల విలాసనౌక అని స్థిరపడిన భావనను ఈ పిల్లలు తమ ప్రతిభతోనే చెరిపివేస్తున్నారు.

ఒక్కరో ఇద్దరో నడిపే తెరచాప పడవల సంగతి ఇది. ఊరంతా కలిసి నడిపే పడవల కథ వేరు. కేరళ కుట్టనాడులో పాముపడగ వంటి వెనుకభాగంతో ఉండే చుండన్ వళ్లం అనే పడవలో సుమారు వందమంది కలిసి పాట పాడుతూ తెడ్డు వేస్తారు. చాలాచోట్ల అది ఒక వ్యక్తిది కాదు, ఊరి ఉమ్మడి సొత్తు. 1952లో పండిట్ నెహ్రూ ఆ పందెం చూసి మురిసి బహూకరించిన ట్రోఫీ కోసమే నేటికీ అలప్పుళ దగ్గర పోటీ జరుగుతున్నది. పాటకు తెడ్డు కలవకపోతే ఎంతటి బలవంతుడి కండబలమైనా ఆ పడవకు అడ్డమే అవుతుంది. మన పల్లెకారుల హైలెస్సా పుట్టింది కూడా ఈ అవసరం నుంచే. 2025 సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురంలో, సర్ ఆర్థర్ కాటన్ పేరు తలుచుకుంటూ గోదావరి కాలువలో నిర్వహించిన డ్రాగన్ పడవల పోటీల్లో ఆ పని డప్పు చేసింది. డ్రాగన్ పడవ అంటే చైనా సంప్రదాయం నుంచి వచ్చిన సన్నని పొడుగు పడవ. పెద్ద తరగతిలో ఇరవైమంది తెడ్డు వేస్తే, ఒకరు ముందు కూర్చుని డప్పు కొడతారు, ఒకరు వెనుక నిలబడి దిశ చూస్తారు.

కాలువలూ గోదావరీ లేని సీమకు ఇవన్నీ అందని ముచ్చట్లు కావలసిన పని లేదు. గుండ్లకమ్మకు అడ్డుకట్టగా, శ్రీకృష్ణదేవరాయల రాణి అయిన గజపతుల ఆడపడుచు కట్టించినదని ప్రసిద్ధి పొందిన కంభం చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. వానలు బాగా కురిసిన ఏడాది కొండల మధ్య కిలోమీటర్ల పొడవున నీరు నిలిచే ఆ చెరువు మీద చిన్న తెరచాపలకు చోటు చాలినంత ఉంది. నీటి మట్టం, భద్రత, చేపలు పట్టేవారి జీవనం, ఆయకట్టు రైతుల అవసరం ముందుగా చూసుకోవాలి; వారి సమ్మతి లేనిదే పందెం ఊరి పందెం కాజాలదు.

పిల్లల పడవగా నేడు ప్రపంచమంతా నడుస్తున్న ఆప్టిమిస్ట్ పుట్టింది కూడా ఒక ఊరి పూనికతోనే. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన క్లియర్‌వాటర్ అనే ఊరిలో, పిల్లలకు తక్కువ ఖర్చుతో ఒక పడవ కావాలని స్థానిక సేవాసంఘం కోరగా, పడవలు చేసే క్లార్క్ మిల్స్ దానికి రూపమిచ్చాడు. ఎనిమిదడుగులకు కొంచెం తక్కువ పొడవు, మొండి ముక్కు, ఒక్క చిన్న తెరచాప. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల ప్లైవుడ్ పలకలు రెండు ఉంటే దాని దేహం తయారవుతుంది, అంటే మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఒక వడ్రంగి కొట్టులో తయారు కాగలిగినంత పని. ఆ ఊరి దుకాణదారులు తలా ఒక పడవకు డబ్బు పెట్టి పిల్లలను నీటి మీదికి పంపారు.