కాలేయంలో గడ్డ అనగానే క్యాన్సర్ కాదు

మేము పాఠాలు చెప్పే బడిలో ఆయా ఒకామె ఉంది. అందరం ఆపా అని పిలుస్తాం. కడుపునొప్పికి స్కానింగ్ తీయిస్తే కాలేయంలో 4 సెంటీమీటర్ల గడ్డ ఉందని రిపోర్టు వచ్చింది. ఇంకేముంది, క్యాన్సరే అనుకుని కూతురి పెళ్లికి దాచిన బంగారం కుదువ పెట్టారు. తర్వాత మందు ఎక్కించి తీసిన సీటీ స్కాన్‌లో అది హిమాంజియోమా అని తేలింది.

అంటే రక్తనాళాలు ఉండచుట్టుకుని ఏర్పడిన గడ్డ. కాలేయంలో వచ్చే హానిలేని కణితుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, ఆడవాళ్లలో మరీను. సాధారణంగా మందులూ ఆపరేషనూ అక్కర్లేదు. మామూలు అల్ట్రాసౌండ్ గడ్డ ఉందని చెబుతుంది గాని, అదేమిటో చాలాసార్లు తేల్చలేదు. సీటీలో ఎక్కించిన మందు కాలేయానికి చేరుతుండగా వరుసగా చిత్రాలు తీస్తారు. హిమాంజియోమా అంచుల నుంచి లోపలికి మెల్లగా నిండుతుంది. కాలేయ క్యాన్సర్ చాలావరకు గబుక్కున వెలిగి, త్వరగానే వెలిసిపోతుంది. అప్పటికీ తేలకపోతే ఎమ్మారై తీస్తారు. ఇవేవీ కాకముందే సూది గుచ్చి ముక్క తీయించడానికి తొందరపడకూడదు, రక్తస్రావం కావచ్చు.

జ్వరంతో, కుడిపక్క నొప్పితో వచ్చే అమీబా చీముగడ్డ కూడా ఒక్కోసారి కణితిలా భ్రమింపజేస్తుంది. అది చాలావరకు మందులతోనే నయమవుతుంది.

అయితే హెపటైటిస్ బి, సి ఉన్నవారు, కాలేయం గట్టిపడినవారు మాత్రం ఇది చదివి నిశ్చింతగా కూర్చోరాదు. వారికి గడ్డ కనిపిస్తే వెంటనే నిపుణుడికి చూపించాల్సిందే.

వైద్యసాయం కోరే అర్జీతో ఒక్క అల్ట్రాసౌండ్ రిపోర్టే ఉంటే, ముందు రెండో స్కానుకు డబ్బివ్వడం మేలని మా అభిప్రాయం. ఆపా బంగారం ఇంకా తాకట్టులోనే ఉంది, నెలనెలా వడ్డీ కడుతోంది.