వార్తల్లో పదం: సంగీత చికిత్స

పాటను, లయను, ధ్వని కంపనాలను శిక్షణ పొందినవారు వైద్యంలో భాగంగా వాడటమే సంగీత చికిత్స. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల ఆసుపత్రుల్లో ఇది ఊపందుకుంది. 1950లో అమెరికాలో జాతీయ సంఘమే ఏర్పడింది. పక్షవాతంతో మాట పడిపోయినవారిలో కొందరు పాట మాత్రం పాడగలరు. ఆ దారినే మాటను తిరిగి రప్పించే పద్ధతి 1973లో బోస్టన్‌లో వెలుగులోకి వచ్చింది. పార్కిన్సన్స్ రోగి అడుగు తడబడకుండా స్థిరమైన తాళం ఆసరా అవుతుంది. దాదాపు 30 నుంచి 120 హెర్ట్జ్ మంద్రధ్వనిని పడక ద్వారా ఒంటికి అందించే ‘వైబ్రోఅకౌస్టిక్’ పద్ధతికి మాత్రం ఆధారాలు ఇంకా పలచనే.

మన కర్ణాటక సంగీత విద్వాంసుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగీత చికిత్సపై ఎంతో ఆసక్తి చూపారు. ఇక ఉమ్మడి ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళికి దండారీ నృత్యోత్సవం మోగుతుంది. నెమలీకల టోపీ పెట్టిన గుస్సాడీ నర్తకుడి చేతికర్ర తాకితే జబ్బు పోతుందని నమ్మకం. 2021 పద్మశ్రీ గ్రహీత గుస్సాడీ కనకరాజుది అక్కడి మార్లవాయే. ఊరంతా కలిసి ఆడే ఆ లయ మనసుకిచ్చే బలాన్ని నేను తక్కువ చేయను. కానీ అవే గూడేల్లో సికిల్‌సెల్ అనే రక్తవ్యాధి తెచ్చే నొప్పులూ ఉన్నాయి. సంగీతం నొప్పినీ భయాన్నీ కొంత తగ్గించగలదు. రక్తపరీక్షనూ, డాక్టరు రాసిన మాత్రలనూ మాత్రం ఎవరూ మానకూడదు.