కారు, బల్లకట్టు, మంచుదారి : ఇనువిక్ పట్టణానికి వలస

కెనడా దేశపటంలో వాయవ్య మూలను పరిశీలించినచో మెకెంజీ మహానది ఆర్కిటిక్ సముద్రంలో కలియుటకు ముందు లెక్కలేనన్ని పాయలుగా చీలి ఏర్పరచిన విశాలమైన డెల్టా కనబడుతుంది. ఆ డెల్టా తూర్పు అంచున, ఉత్తర ధ్రువవృత్తానికి సుమారు రెండు వందల కిలోమీటర్ల ఆవల ఉన్న చిన్న పట్టణం ఇనువిక్. జనాభా మూడువేల పైచిలుకు మాత్రమే. జనవరి మాసపు సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువన ఇరవై ఏడు డిగ్రీలు. శీతకాలంలో దాదాపు ముప్పది దినాలు సూర్యుడు ఉదయించడు. వేసవిలో ఏబది దినాలకు పైగా అస్తమించడు. ఇటువంటి చోటికి ఇల్లూ వాకిలీ మార్చుకొని పోవువారు ఎవరని పాఠకులు అడుగవచ్చు. నర్సులు, ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, టాక్సీ నడుపువారు పోవుచున్నారు. వారిలో సూడాన్, లెబనాన్, ఈజిప్టు దేశాల నుండి వచ్చిన ముస్లిములు సుమారు ఒక వందమంది దాక ఉండిరి.

విదేశాలకు వలసపోదలచిన మన యువకులు జీతమెంత, వీసా ఎట్లు అని విచారిస్తారు. చేరవలసిన ఊరికి దారి ఎట్టిదని అడుగువారు తక్కువ. ఇనువిక్ విషయంలో మాత్రం దారియే మొదటి ప్రశ్న. ఎందుకనగా ఆ దారి సంవత్సరంలో కొన్ని వారాలు ఉండదు.

ఎడ్మంటన్ నగరం నుండి కారులో బయలుదేరినచో ఇనువిక్ సుమారు 3,200 కిలోమీటర్లు. డాసన్ క్రీక్ నుండి వైట్‌హార్స్ వరకు పోవునది అలాస్కా రహదారి. జపాను దాడి భయంతో 1942 లో అమెరికా సైనికులు కొన్ని నెలలలోనే దీనిని అడవులగుండా కొట్టినారు. ఆ శ్రమలో నల్లజాతి సైనికదళాల పాలు పెద్దది. వారికి తగిన గుర్తింపు చాలకాలం లభించలేదు. ఇది నేడు మంచి రోడ్డే కనుక దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. అసలు పరీక్ష డాసన్ సిటీకి సమీపాన డెంప్‌స్టర్ రహదారి మొదలైనప్పటి నుండి ప్రారంభమగును.

డెంప్‌స్టర్ రహదారి పొడవు సుమారు 740 కిలోమీటర్లు. 1959 లో పని మొదలై 1979 లో పూర్తి అయినది. మొదటి కొద్ది దూరం తప్ప తక్కినదంతా కంకర రోడ్డే. మొదలు నుండి 369 కిలోమీటర్ల వరకు పెట్రోలు దొరకదు. అక్కడ ఈగిల్ ప్లెయిన్స్ అనే మజిలీ ఒక్కటే ఆధారం. కంకరలోని పలకరాళ్లు కత్తుల వలె టైర్లను కోస్తాయి కనుక అనుభవజ్ఞులు ఒక స్టెపినీతో తృప్తిపడక రెండు వెంట తీసికొని పోతారు.

ఆ రోడ్డు కంకరదిగా ఉండుటకు కారణం పేదరికం కాదు. అక్కడి నేల కొన్ని అడుగుల లోతు నుండి ఏడాది పొడవునా గడ్డకట్టియే ఉంటుంది. పైనున్న నాచునూ మట్టినీ తొలగించి రోడ్డు వేసినచో వేసవి వేడిమి లోనికి దిగి, మంచు కరిగి, రోడ్డు బురదలో కుంగిపోవును. కనుక నేలను తవ్వక, దానిపైననే మీటరు మొదలు రెండు మీటర్లకు పైబడిన మందాన కంకర పోసినారు. మన ఇండ్లలో మంచుగడ్డను ఊకలో కప్పి ఉంచినట్లు ఆ కంకర క్రింది మంచును కాపాడుచున్నది. ఇనువిక్‌లోని ఇండ్లకు కూడా ఇదే సూత్రం. పునాదులు తవ్వరు, గడ్డకట్టిన నేలలోనికి స్తంభాలు దింపి, ఇంటిని నేలకు ఎత్తుగా నిలుపుతారు. ఇంటి వెచ్చదనం నేలకు తగులకుండ నడుమ చల్లగాలి వీచవలెను. నీటిగొట్టాలు, మురుగుగొట్టాలు సైతం భూమిలో పూడ్చక, వెచ్చగా ఉండునట్లు పెట్టెల వంటి తొడుగులలో అమర్చి వీధుల వెంబడి నేలపైననే నడిపినారు.

ఈ రహదారి పేరు వెనుక ఒక విషాదం ఉన్నది. 1910 డిసెంబరులో ఫిట్జెరాల్డ్ అనే పోలీసు అధికారి మరి ముగ్గురితో కుక్కబండ్లపై ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుండి డాసన్‌కు బయలుదేరినాడు. త్వరగా చేరవలెనని సామాగ్రి తగ్గించుకొన్నాడు. దారి తెలిసిన గ్విచిన్ తెగవాడు ఒకడు కొంతదూరం తోడు రాగా అతనిని వెనుకకు పంపివేసినాడు. తరువాత కొండవాగుల నడుమ దారి తప్పి, తిండి లేక కుక్కలను చంపి తిని, చివరకు నలుగురూ మరణించినారు. 1911 మార్చిలో వారి శవాలను కనుగొన్నవాడు డెంప్‌స్టర్ అనే పోలీసు ఉద్యోగి. చలికంటె మిన్నగా స్థానికుని తెలివిపై చిన్నచూపే వారిని చంపినదని నా అభిప్రాయం.

ఇక నదుల సంగతి. ఫోర్ట్ మెక్‌ఫర్సన్ చేరుటకు ముందు పీల్ నది, తరువాత సిగెచిక్ గ్రామం వద్ద మెకెంజీ నది ఈ రహదారికి అడ్డు వచ్చును. రెండింటిపైననూ వంతెన లేదు. వేసవిలో కార్లను, లారీలను దాటించునవి యంత్రపు బల్లకట్లు. గోదావరి జిల్లాలవారు పంటు అని పిలుచుదానికి ఇవి దగ్గర బంధువులు. పీల్‌పై నడుచు దాని పేరు ‘అబ్రహాం ఫ్రాన్సిస్’, మెకెంజీపై నడుచు దాని పేరు ‘లూయీ కార్డినల్’. రుసుము లేదు. మెకెంజీపై బల్లకట్టు రెండు ఒడ్లతో పాటు సిగెచిక్ గ్రామపు రేవులో కూడా ఆగును. నదీమట్టం హెచ్చుతగ్గులను బట్టి రేవు స్థానం మారుతుంది. అందుచేత ఒడ్డున కంకర సవరించుట అక్కడివారికి నిత్యకృత్యం. వానకు పై కొండలలో వరద వచ్చినచో బల్లకట్టు నిలిచిపోవును. ప్రయాణికుడు కారులోనే కూర్చుండి నది తగ్గువరకు వేచియుండవలెను.

బల్లకట్టు సాధారణంగా మే నెలాఖరున గాని జూన్ మొదట గాని మొదలై అక్టోబరు దాక నడుచును. డిసెంబరు మొదలు ఏప్రిల్ నెలాఖరు వరకు నదియే రోడ్డగును. గడ్డకట్టిన నీటిపైననే కార్లు, లారీలు దాటుచుండును. ఈ రెండు కాలాల నడుమ, అనగా నీరు గడ్డకట్టుచున్నప్పుడు, మరల మంచు చిట్లుచున్నప్పుడు, పడవ నడువదు, మంచు మోయదు. ఆ వారాలలో ఇనువిక్‌కు విమానం తప్ప గత్యంతరం లేదు. కూరలు, పాలు, గ్రుడ్లు విమానంలో దిగవలెను, ధరలు పెరుగును. వలసపోవువాడు ఒక పక్షం ఆలస్యం చేసినాడనుకొనుడు. భార్యాబిడ్డలతో, సామానుతో పీల్ నది ఒడ్డున నిలిచిపోయి, 170 కిలోమీటర్లు వెనుకకు ఈగిల్ ప్లెయిన్స్‌కు మరలవలసి వచ్చును. అద్దె చెల్లించిన ఇల్లు, చేరవలసిన ఉద్యోగం, రెండూ నదికి ఆవలనే ఉండిపోవును.

మంచుదారిని గూర్చి ఒక్కమాట వివరంగా చెప్పవలెను. మంచు బండరాయి వంటిది కాదు. నీటిపై తేలియాడు పలక. నాలుగంగుళాల మందం మనిషిని మోయును. కారుకు అందుకు రెండు మూడింతల మందం కావలెను. లారీలకు ఇంకను ఎక్కువ. అందుకొరకు పనివారు మంచుకు రంధ్రాలు చేసి, క్రింది నీటిని పైకి తోడి పోసి, పొరమీద పొరగా గడ్డకట్టింతురు. కారు పోవుచుండగా దాని బరువుకు పలక కొంచెం వంగును. క్రింది నీటిలో ఒక అల పుట్టి కారుతోపాటే సాగును. కారు వేగము, అల వేగము సమానమైనచో ఆ వంపు ఎక్కువై మంచు పగులును. అందువలననే మంచుదారిపై నెమ్మదిగా పోవలెననియు, బండికీ బండికీ నడుమ ఎడముండవలెననియు నియమం. భయపడి వేగంగా దాటిపోవలెనని ఎవరికైనను తోచును. అక్కడ ప్రమాదం ఆ వేగంలోనే ఉన్నది.

వసంతంలో మంచు చిట్లుట ఇంకొక వింత. మెకెంజీ నది దక్షిణం నుండి ఉత్తరానికి ప్రవహించును. దక్షిణాన ముందుగా వేసవి వచ్చి మంచు కరిగి నీరు పొంగుకొని వచ్చునప్పటికి ఉత్తరాన నది ఇంకను గట్టిగానే ఉండును. ఆ మంచుగడ్డలు అడ్డుకట్ట వలె పేరుకొని వరదలు పుట్టించును. డెల్టా నడుమనున్న అక్లావిక్ గ్రామం ఇట్టి వరదలకు లోనగుచుండుట వలననే 1950 ప్రాంతపు దశకంలో ప్రభుత్వం మెట్టనేలపై ఇనువిక్‌ను క్రొత్తగా కట్టించినది. అక్లావిక్ వాసులందరూ కదలిరారైరి; ఆ గ్రామం నేటికిని నిలిచియున్నది.

బండికి సంబంధించిన ఏర్పాటు కూడా తెలిసికొనవలెను. సున్నకు దిగువ నలుబది డిగ్రీలలో ఇంజను నూనె చిక్కబడి, బ్యాటరీ శక్తి సన్నగిల్లును. కనుక ప్రతి కారు ఇంజనులో ఒక విద్యుత్ హీటరు అమర్చుకొందురు. బండి నిలిపినప్పుడు దాని తీగను కరెంటు ప్లగ్గునకు తగిలించుదురు. కారు ముందుభాగం నుండి తీగ వ్రేలాడుట అక్కడ సర్వసామాన్యం.

ఈ దారుల వెంట మనుషులే కాదు, ఒక మసీదు కూడా వలస పోయినది. ఇనువిక్‌లోని ముస్లిములు చాలకాలం ఒక చిన్న బండి ఇంటిలో ఇరుకుగా నమాజు చేసికొనుచుండిరి. అక్కడ క్రొత్తగా కట్టుటకు కలప, కూలి రెండూ మిక్కిలి ప్రియం. అందుచేత విన్నిపెగ్ నగరంలోని జుబైదా తల్లాబ్ ఫౌండేషన్ అను ధర్మసంస్థ సహాయంతో మసీదును విన్నిపెగ్‌లోనే కట్టి, 2010 వేసవి చివరలో పెద్ద లారీపై ఎక్కించి హే రివర్ పట్టణానికి చేర్చినారు. అక్కడనుండి సరకుల పడవపై మెకెంజీ నది వెంబడి ఇనువిక్ చేరినది. మొత్తం ప్రయాణం సుమారు నాలుగువేల కిలోమీటర్లు. ఆ ఏటి చివరి పడవ తప్పినచో మసీదు మరుసటి వేసవి దాక హే రివర్‌లోనే నిలిచియుండెడిది. సెప్టెంబరులో చేరినది, మీనారు స్థలంలోనే నిర్మించినారు, నవంబరులో ప్రారంభోత్సవం జరిగినది.

మసీదు చేరగానే సమస్యలు తీరవు. ఖిబ్లా ఎటు? మన ప్రాంతంలో పడమరగా నిలుచుట చిన్ననాటి నుండి అలవాటు. ఇనువిక్ మక్కాకు ఇంచుమించు భూగోళపు ఆవలి వైపు రేఖాంశంపై ఉన్నది. అతిదగ్గరి దారిని లెక్కించినచో ముఖం దాదాపు ఉత్తరానికి, కేవలం ఆరు డిగ్రీలు తూర్పుగా తిరుగవలెను; ఆ దారి ధ్రువం ప్రక్కగా పోవును.

రంజాను వేసవిలో వచ్చినచో సూర్యుడు అస్తమించని చోట ఇఫ్తారు ఎప్పుడు? ఇది క్రొత్త ప్రశ్న కాదు. క్రీ.శ. 922 లో బగ్దాదు ఖలీఫా దూతగా వోల్గా తీరానికి పోయిన ఇబ్న్ ఫద్లాన్, అక్కడి వేసవి రాత్రి ఎంత చిన్నదో చూచి ఆశ్చర్యపడినాడు. ఉదయపు నమాజు తప్పునేమోనని ఒక నెలగా నిద్రపోలేదని అక్కడి ముఅజ్జిన్ చెప్పినట్లు వ్రాసినాడు. దినం ఒక సంవత్సరమంత దీర్ఘమైనప్పుడు నమాజు వేళలను అంచనా వేసికొనవలెనని సహీహ్ ముస్లిం గ్రంథంలో ఒక హదీసు కలదు. దాని ఆధారంగా ధర్మశాస్త్రజ్ఞులు, రాత్రింబవళ్లు స్పష్టంగా ఉన్న సమీప నగరపు వేళలను గాని మక్కా వేళలను గాని అనుసరింపవచ్చునన్నారు. ఇనువిక్ వారు ఎడ్మంటన్ వేళలు పాటించుచున్నారు. ఆ ఎడ్మంటన్‌లోనే 1938 లో కెనడాలోని మొదటి మసీదైన అల్ రషీద్ వెలసినది. దాని ప్రారంభోత్సవానికి పోయినవారిలో ఖురానును ఆంగ్లంలోనికి అనువదించిన మన దేశస్థుడు అబ్దుల్లా యూసుఫ్ అలీ ఒకరు. కిటికీ వెలుపల ఎండ కాయుచుండగా గడియారం చూచి ఉపవాసం విరమించుట మొదట మనస్సుకు ఒప్పదు. కాని ఇరువది మూడు నాలుగు గంటలు అన్నపానీయాలు లేక ఉండుమని ధర్మం ఎవరినీ నిర్బంధింపలేదు.

2015 లో ఆ మసీదుకు అనుబంధంగా ఒక ఆహార నిధి కూడా నెలకొల్పబడినది. అక్కడ సరకు తీసికొనువారిలో ఎక్కువమంది ముస్లిములు కారు. ఆ నేలకు అసలు వారసులైన ఇనువియాలుయిత్, గ్విచిన్ ప్రజలు. విమానంలో దిగిన పాలడబ్బా ధర వారికి కూడా భారమే.